కాలు పడేదాకా

ఎనిమిది అట, ఎనిమిది. ఆ ఎనిమిదో దెబ్బ కావాలని ఎవరేడ్చారు? రైలు సిడ్నీ పొలిమేర దాటుతున్నా రుమేనా చెవుల్లో అదొక్కటే మోగుతోంది, పిలవని పేరంటానికి వచ్చి పీటేసుకుని కూర్చున్న మనిషిలాగా. అది ఏడు లెక్కల పాట. మూడు, రెండు, రెండు. మన మిశ్రచాపు తకిట తకధిమి అంటూ ఒక పక్కకి ఒరిగి ఎలా నడుస్తుందో అదీ అలాగే నడుస్తుంది, మాసిడోనియాలో వాళ్ళ ఊరి మిరప తోటల్లో ముక్కు కారే పిల్లలు కూడా దానికి తప్పు లేకుండా గెంతుతారు, అలాంటిదానికి పొద్దున సిడ్నీలో పాటలు రికార్డు చేసే కల్లమ్ ఇంకో లెక్క అతికించి, రోడ్డు రోలరు తోలినట్టు చదును చేసి వినిపించాడు. వినిపించి, కుర్చీ ఆమె వైపు తిప్పి, "ఇప్పుడు ఎవరైనా డాన్స్ చెయ్యొచ్చు రూమీ" అన్నాడు. ఎవరైనా అంటే ఎవరు నాయనా? ఇన్నాళ్ళూ చేసినవాళ్ళు మనుషులు కారా? అసలు రూమీ ఎవరు? రుమేనాలో ఉన్నవి మూడే అక్షరాలు, అందులో ఒకటి కొట్టేశాడు, పాటలో లేనిది ఒకటి కలిపాడు, జమాఖర్చు సరిపోయిందనుకున్నాడు కాబోలు. చెడ్డవాడైతే అక్కడే నాలుగు అంటించి వచ్చేది. మంచివాడు, అదే వచ్చింది తంటా. చలిగా ఉందని తనే టీ పెట్టిచ్చాడు, తలుపు దాకా వచ్చి సాగనంపాడు, అంత మర్యాద చేసినవాణ్ణి ఎలా తిట్టడం? ఆలోచించి చెప్తానని వచ్చేసింది. ఆలోచించడానికి ఏముందని అలా అంది? ఐదు గంటల లోపు ఒక్క మాట చెప్తే చాలట, అవునో కాదో, తనే ఫోన్ చేస్తాడట. అవునంటే రాబోయే వేసవిలో సిడ్నీ సంగీతోత్సవం ఈ పాటతోనే మొదలవుతుంది, ఆ వెంటనే రికార్డు వస్తుంది, ముప్ఫై ఏళ్ళ పైగా పెళ్ళి హాళ్ళలోనూ పబ్బుల్లోనూ ఊపిరి పోసి ఊదిన మనిషికి యాభై ఎనిమిదో ఏట పేరొస్తుంది. కాదంటే ఏదీ లేదు, ఇంకెవరి పాటతోనో మొదలుపెట్టుకుంటారు.

ఒళ్ళో మేకతోలు తిత్తి ఉంది. ఎదుటి సీటు పెద్దాయన దాని వంక చూసి కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు, అందులో ఏ ప్రాణి ఉందోనని. ఏమీ లేదు, గాలి కూడా లేదు, ఏడాదిగా లేదు. ఊదే గొట్టం మూతికి నల్లగుడ్డ కట్టి ఉంది. వాయించేవాళ్ళ ఇంట్లో చావు జరిగితే వాళ్ళ ఊళ్ళో వాయిద్యం నోరు కట్టేస్తారు, ఏడాది దాకా కూత ఉండదు, ఏడాది తిరిగాక కూమ్ వచ్చి తన చేత్తో ముడి విప్పాలి. కూమ్ అంటే పెళ్ళిలో వధూవరుల తలల మీద కిరీటాలు పట్టి నిలబడ్డవాడు, తోడబుట్టినవాడికన్నా ఎక్కువ. అతను తనంతట తనే రావాలి గాని రమ్మని అడగకూడదు. మొగుడు త్రాయ్‌కో పోయి ఏడాది నిండింది, రెండు వారాల కిందట సంవత్సరీకం కూడా జరిగింది, ఉడికించిన గోధుమలు పంచారు, సమాధి మీద ద్రాక్షసారా పోశారు, ముడి మాత్రం అలాగే ఉంది. పొద్దున పాటలో ఇంకో రెండు ముక్కలు ఊదమంటే ఈ ముడి ఉండగా ఊదనని చెప్పింది, కల్లమ్ సరేనని తలూపి, కెమెరా తెచ్చి, ఆ నల్ల రిబ్బను బాగుంది, ఫోటోలో కనపడనిద్దాం అన్నాడు. రిబ్బనట. మొగుడు చచ్చినందుకు కట్టిన గుడ్డ రిబ్బనయింది, నాన్న నేర్పిన పాట కసరత్తు పాఠమయింది, ఇంకా నయం, ఆ మేకకి పేరేమిటని అడగలేదు. రేడియోలో ఒకావిడ అడిగింది నిరుడు, యుద్ధాలు చూసిన నేల కదా, మీ సంగీతంలో ఆ దుఃఖమంతా ఉంటుంది కదా అని. ఏ యుద్ధం తల్లీ? తను వచ్చేనాటికి ఆ దేశంలో తుపాకి పేలలేదు, మిరపకాయలకి ధర లేక వచ్చింది, త్రాయ్‌కోని కట్టుకుని వచ్చింది. ఆ మాట చెప్తే ఆవిడ మొహం చిన్నబుచ్చుకుంది. రికార్డులమ్మే కొట్లో తన పాత రికార్డు ప్రపంచ సంగీతం అనే అరలో ఉండేది, అయితే మిగతా అరల్లో ఉన్నవాళ్ళు ఏ లోకం నుంచి దిగొచ్చారో ఎవరూ చెప్పలేదు.

దిగిన రోజు నుంచీ ఇంతే. విమానాశ్రయంలో అధికారులు నాన్న ఇచ్చిన తిత్తి తెరిచి చూసి, లోపల వెంట్రుకలున్న పచ్చితోలు ఈ దేశంలోకి రాకూడదని కత్తెర తెచ్చి గొట్టాలు కోసి ఆమె చేతిలో పెట్టి, తోలు చెత్తడబ్బాలో వేశారు. నాన్న నోటి గాలి అందులో ఉంది. ఆడపిల్లకి తిత్తేమిటని ఊరంతా నవ్వుతుంటే కొడుకులు లేని నాన్న పంతం పట్టి నేర్పాడు, ఆ పంతమంతా ఆ డబ్బాలో పడింది, ఆమె ఏడవలేదు, ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది, ఆ కోపం మళ్ళీ ఎప్పుడూ పూర్తిగా పోలేదు. మొదటి చలికాలంలోనే త్రాయ్‌కో, వాళ్ళ కూమ్ స్పాసే కలిసి ఎక్కడో దక్షిణాన మేకలు పెంచే రైతు దగ్గరికి తీసుకెళ్ళారు. తోలు చీల్చకుండా చొక్కా విప్పినట్టు ఒలవాలని చెప్తే ఆ రైతు వీళ్ళకి పిచ్చెక్కిందనుకున్నాడు. అద్దె ఇంటి స్నానాల తొట్టిలో ఉప్పు పోసి ఊరబెట్టారు, వారం రోజులు ముగ్గురూ పెరట్లో గొట్టం కింద స్నానాలు చేశారు, కంపు భరించలేక పక్కింటావిడ శవం ఉందేమోనని పోలీసుల్ని పిలిచింది. పోలీసులు వచ్చేసరికి త్రాయ్‌కో ఆ తొట్టి ముందు నిలబడి, ఇది మా ఆవిడ వాయిద్యం సార్, ఇంకా పూర్తిగా చావలేదు, అన్నాడట వచ్చీరాని ఇంగ్లీషులో. ఆ తోలే ఇది. ఈ దేశపు మేక, ఆ దేశపు కర్ర. కలపడం ఎలాగో ఇంకొకరు తనకి నేర్పాలా?

గిటారు తెచ్చింది తనే కదా. కరెంటు గిటారు, బేస్ గిటారు, ఇంగ్లీషు డ్రమ్ములు, మీటలు నొక్కితే సముద్రం పలికే ఆ పెట్టె, అన్నీ తనే తెచ్చింది, ఎవరి బలవంతమూ లేదు. ఆసుపత్రి వంటగదిలో తనతో పాటు బంగాళాదుంపలు ఒలిచే కుర్రాడు రాత్రిళ్ళు గ్యారేజీలో గిటారు వాయించేవాడు, ఒకరోజు తిత్తి తీసుకెళ్ళి వాడి పక్కన కూర్చుని శ్రుతి గొట్టం తెరిచింది, ఆ ఒక్క స్వరం ఆగకుండా పలుకుతుంటే దాని మీద వాడి గిటారు మొరటుగా, రంపంలాగా వచ్చి పడింది, ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఆ సుఖం ఆమెకి తెలుసు. వాడు ఏడు లెక్కలు నేర్చుకోవడానికి మూడు నెలలు తంటాలు పడ్డాడు, బంగాళాదుంపలు ఒలుస్తూ కత్తితో గిన్నె మీద కొట్టుకునేవాడు, ఒక్కసారి కూడా దీన్ని ఎనిమిది చేద్దామని అనలేదు. తనూ వాడి కోసం గొట్టానికి ఇంకో బెజ్జం వేసుకుంది. కలవడమంటే అదీ. నువ్వు కొంచెం జరుగు, నేను కొంచెం జరుగుతాను, ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చుందాం. కల్లమ్ చేసినది కలపడం కాదు. వచ్చిన చుట్టం చెప్పులు బాగాలేవని కాలే కోసి పంపినట్టుంది, ఆ మాట వాడి మొహాన అనాల్సింది, అనలేదు, ఇప్పుడు కిటికీకి చెప్పుకుంటోంది. రైలు అడవిలోకి వచ్చింది, అద్దంలో యూకలిప్టస్ చెట్ల మీద ఆమె మొహం పరుగెడుతోంది, మొహం ఎర్రగా ఉంది.

సరే, కల్లమ్ పరాయివాడు. స్పాసే? స్పాసేకి ఏం రోగం? తన పెళ్ళిలో కిరీటం పట్టినవాడు, మేక కోసం తోడొచ్చినవాడు, తొట్టిలో ఉప్పు కలిపినవాడు. ఊరివాళ్ళ క్లబ్బుకి అధ్యక్షుడైనప్పటి నుంచీ సంప్రదాయమంతా తన జేబులో ఉన్నట్టు తిరుగుతున్నాడు. సంవత్సరీకం భోజనాల దగ్గర, అందరి ముందూ, మిరప పచ్చడి రొట్టెకి రాస్తూ అన్నాడు, ఇక ఆ గిటార్ల గోల మానెయ్, త్రాయ్‌కో మెతకవాడు కాబట్టి ఊరుకున్నాడు, ఇప్పుడన్నా మన పాట మన పాటలా ఉండనీ అని. మన పాట! వాళ్ళమ్మాయి పెళ్ళికి సిడ్నీ నుంచి మీటల పెట్టె వాడు వచ్చి డోలు కూడా ఆ పెట్టెలోనే మోగిస్తే అది మన పాటేనట, ఎందుకంటే వాడు మన ఎంబ్రాయిడరీ చొక్కా తొడుక్కున్నాడు కాబట్టి. ఆమెకి తిక్కరేగింది. పాత చెప్పువి నువ్వు, అంది, కాలు దూరదు, పారేయడానికి మనసొప్పదు, అంది. బల్ల చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. స్పాసే రొట్టె కింద పెట్టి, కుంటుకుంటూ లేచి వెళ్ళిపోయాడు, ముడి విప్పడానికి వచ్చినవాడు ముడి విప్పకుండానే పోయాడు. నిన్న ఫోన్ చేశాడు మళ్ళీ. రేపు ఇలియా ప్రవక్త పండుగ, సాయంత్రం క్లబ్బు హాల్లో నాట్యం ఉంది, వస్తే నువ్వొక్కదానివే తిత్తి తెచ్చుకో, ఆ కరెంటు వాళ్ళని తేవద్దు, అన్నాడు. డోలు లేకుండా తిత్తి ఒక్కటీ ఊదడానికి నేనేమన్నా రైలింజన్నా అని అడిగింది. రేపు సిడ్నీలో పనుంది, సాయంత్రం రైలుకి గాని రాను, అలిసిపోయి ఉంటాను, రాను, అని పెట్టేసింది. ముడి మాట అతను ఎత్తలేదు. ఆమె అడగలేదు. అడగకూడదు కదా.

ఒకడు లేనిది కలపమంటాడు, ఇంకొకడు ఉన్నది తీసెయ్యమంటాడు. మధ్యలో ఈ తిత్తి ఎవరిది? సొరంగం వచ్చింది, చెవులు మూసుకుపోయాయి, చీకట్లో ఒక్కసారిగా అలసట ముంచుకొచ్చింది. అవునంటే పోయేదేముంది? ఎనిమిదే కానీ. పదివేల మంది ఏడా ఎనిమిదా అని వేళ్ళు మడుచుకుంటారా? మీటల మీద సరిచేస్తే సరిచేశాడు, తిత్తి గొంతు తనదే కదా, తన గొంతు మీద వాడు చెయ్యి వెయ్యలేదు కదా. త్రాయ్‌కో ఉంటే ఏమనేవాడు? ఒసే పిచ్చిదానా, అవునని చెప్పు, ఒక రోజు మనం కూడా మంచి హోటల్లో భోంచేద్దాం, అనేవాడు. అనేవాడే. పెద్ద డోలు భుజాన తగిలించుకుని పొట్ట దాని వెనక దాచుకుని, ఒక చేతిలో లావు కర్ర, ఒక చేతిలో సన్న బెత్తం, పెళ్ళిళ్ళలో పెళ్ళికొడుకు కన్నా ముందు నవ్వేవాడు. ఆ పాటలో ఉన్నది అతని ఆఖరి డోలు. హాల్లో రికార్డు చేశారు, చలికాలం మొదట్లో, అప్పటికే ఆయాసం ఉంది, గుండె అని ఎవరికీ తెలియదు. అదే అడిగింది పొద్దున కల్లమ్‌ని, పాట అయిపోగానే మొట్టమొదట అదే అడిగింది, ఆయన డోలు ఏది అని. ఉంది, ప్రతి దెబ్బా ఆయనదే, ఒక్కటీ పారెయ్యలేదు, అన్నాడు వాడు, కొంచెం నొచ్చుకున్నట్టుగా కూడా అన్నాడు. అక్కడక్కడ ఆలస్యంగా పడ్డాయి, వాటిని వాటి చోట్లో పెట్టాను, అంతే. తెర మీద చూపించాడు. పైన పాతవి, కింద కొత్తవి. కిందవి కొత్త కంచె గుంజల్లా సమానమైన ఎడంలో నిలబడి ఉన్నాయి. పైన వరసలో మూడు సరిగ్గా ఉంటే నాలుగోది కొంచెం కుడికి జరిగి ఉంది, మళ్ళీ మూడు సరిగ్గా, మళ్ళీ ఒకటి కుడికి. ముసలాయన కదా, చెయ్యి అలిసిపోయి ఉంటుంది, పాపం, అన్నాడు కల్లమ్.

పాపమా? రుమేనా సీటులో నిటారుగా కూర్చుంది. సొరంగం అయిపోయింది, ఎడమ పక్కన ఒక్కసారిగా సముద్రం, కొండ అంచున రైలు, ఎదుటి పెద్దాయన కళ్ళు చిట్లించాడు. అలిసిపోయిన చెయ్యి ఎక్కడబడితే అక్కడ ఆలస్యమవుతుంది. ఒకే చోట ఎందుకవుతుంది? ప్రతిసారీ అదే అడుగు దగ్గర ఎందుకవుతుంది? ఆ సాయంత్రం హాల్లో రెండు మైకులు పెట్టారు, నాట్యం లేకుండా తన చేతులు ఆడవని త్రాయ్‌కో మొండికేస్తే వంటలక్కల్నీ పేకాట ముసలాళ్ళనీ లాక్కొచ్చి వరస కట్టించారు, వరస ముందు రుమాలు పట్టుకుని స్పాసే. అప్పటికి గిటార్ల గొడవ ఇంత ముదరలేదు. స్పాసే మోకాలు ఎప్పుడో పోయింది, బంతాట సరిగ్గా కనపడటం లేదని యాంటెన్నా తిప్పడానికి ఇంటి కప్పెక్కి జారి పడ్డాడు, ఆటలో మనవాళ్ళు ఓడిపోయారు కూడాను. అయినా వరస ముందు ఇంకొకణ్ణి నిలబడనివ్వడు. ఎడమ కాలు ఎత్తుతాడు, ఎత్తినది గాల్లో ఉండిపోతుంది, దింపడానికి గుండె దిటవు చేసుకుంటున్నట్టు. ఆమె కళ్ళు మూసుకుని ఊదుతోంది, డోలు రావాల్సిన చోటికి రాలేదు, కళ్ళు తెరిచి చూస్తే త్రాయ్‌కో కర్ర పైకెత్తి పట్టుకుని స్పాసే చెప్పు వంకే చూస్తున్నాడు. చెప్పు నేలని తాకింది, కర్ర పడింది. మళ్ళీ నాలుగో దెబ్బ దగ్గర కర్ర పైకి, చూపు చెప్పు మీద. వాళ్ళ ఊళ్ళో డోలు వాడు కొట్టేది లెక్క చూసి కాదు, ముందున్నవాడి కాలు చూసి. అదే పని, అది రానివాణ్ణి పెళ్ళికి పిలవరు. ఇది తెలిసి కూడా ఇంటికి పోతూ కారులో ఆమె సాధించింది, పాటంతా లాగావ్, మైకులు ఉన్నాయన్న ధ్యాస కూడా లేదు, అని. త్రాయ్‌కో సిగ్నల్ దగ్గర బండి ఆపి, ఆయాసం తీర్చుకుని, నెమ్మదిగా అన్నాడు.

"నేను లాగలేదే. వాడి కాలు పడేదాకా ఆగాను. కాలు పడకముందే కొడితే వాడు కంగారుపడి పడిపోతాడు. అందరి ముందూ పడితే ఆ ముసలోడు మళ్ళీ వరస ముందుకి వస్తాడా?"

అదీ ఆలస్యం. కల్లమ్ తెర మీద కుడికి జరిగి నిలబడ్డ ఆ గీతలు, ఒక మనిషి ఇంకో మనిషి కోసం ఆగిన చోట్లు. వాటినే పట్టి, ఏరి, ఒక్కొక్కటీ ముందుకి జరిపాడు. చచ్చిపోయినవాడి చెయ్యి పట్టుకుని స్పాసే కాలు నేల మీదికి రాకముందే డోలు కొట్టించాడు, ప్రతిసారీ, పాట పొడుగునా, ఇక ఎన్నిసార్లు మోగినా అన్నిసార్లు స్పాసే పడిపోతూనే ఉంటాడు, పదివేల మంది దానికి గెంతుతారు. ఎనిమిదో లెక్క సంగతి సరే, దాన్ని ఎప్పటికైనా భరించొచ్చేమో. ఇది ఎలా భరించడం? త్రాయ్‌కో ఏమనేవాడని ఇందాక అడిగావుగా, ఇదీ అతనన్నది, అతని సొంత చేత్తో అన్నది, ఇంకేం కావాలి నీకు, మంచి హోటల్లో భోజనమా?

ఫోన్ మోగింది. తీసేలోపు కొండ అడ్డమొచ్చి తెగిపోయింది. మళ్ళీ మోగింది, మళ్ళీ తెగింది. థిరూల్ దాటాక, ఊరు పరుచుకున్నాక, మూడోసారి మోగింది. దారంతా కూర్చి పెట్టుకున్న ఉపన్యాసం ఉంది, చెత్తడబ్బాలో పడ్డ తోలు దగ్గర మొదలై రేడియో ఆవిడ మీదుగా రిబ్బను దాకా, ఇంగ్లీషులో తప్పులు లేకుండా అప్పజెప్పుకుంది కూడా.

"రూమీ, ఐదవుతోంది. ఏం చెప్పమంటావ్ వాళ్ళకి?"

"రుమేనా."

"ఏంటి?"

"నా పేరు రుమేనా. మొత్తం పలుకు."

అవతలి నుంచి పలికాడు, జాగ్రత్తగా, మూడు అక్షరాలూ. ఆమె కాదంది. ఎనిమిది వద్దు, సరిచేసిన డోలు అసలే వద్దు, తన తిత్తి కూడా అందులోంచి తీసెయ్యమంది. అతను ఊరికే వదల్లేదు, ఏడు కావాలంటే మళ్ళీ ఏడుకి తెస్తాను, రెండు వారాలు గడువు అడుగుతాను, డోలు మాత్రం అలా ఉంటే పెద్ద హాల్లో తప్పులా వినపడుతుంది, ఎవరో వాయించడం రానివాడు వాయించినట్టుంటుంది, ఆయన పరువు కోసమే చెప్తున్నాను, అన్నాడు. పరువు అన్న మాటకి ఆమెకి ఉపన్యాసమంతా గొంతు దాకా వచ్చింది.

"ఆయన ఆలస్యం కాలేదు. ఆగాడు. ఎందుకాగాడో నువ్వు అడగలేదు. నేను చెప్పను." గొంతు పెరగడంతో రైల్లో తలలు తిరిగాయి. "ఆయన కొట్టినవి ఎలా ఉన్నవి అలా నాకు పంపించు. ఒక్కటి జరిపినా నేను ఊరుకోను."

పంపిస్తానన్నాడు. మంచివాడే, చివరిదాకా మంచివాడే, ఒక ఏడాది పని పోయిందని తెలిసినా కసురుకోలేదు. ఫోన్ పెట్టేశాక హాయిగా ఉంటుందనుకుంది. ఏమీ లేదు. ఎదుటి పెద్దాయన ఒక పిప్పరమెంటు బిళ్ళ తీసి చాపిన చేత్తో అలాగే పట్టుకున్నాడు, తీసుకుంది, చప్పరిస్తూ ఏడ్చింది. పోయింది. ముప్ఫై ఏళ్ళకి ఒకసారి వచ్చింది, కసిరి పంపేసింది. గిటారు కుర్రాడికి ఏమని చెప్తుంది, వాడి పేరు కూడా వచ్చేది కదా? ఇప్పుడీ పాట ఎవరు వింటారు? సిడ్నీ వాళ్ళకి కుంటిది, క్లబ్బు వాళ్ళకి కరెంటుది. అయినా మళ్ళీ అడిగితే మళ్ళీ ఇదే చెప్తుంది, ఆ సంగతి మాత్రం కడుపులో కదలకుండా ఉంది. వొలొంగాంగ్‌లో రైలు మారింది. చిన్న రైలు, ఖాళీ పెట్టెలు, ఫ్యాక్టరీ పొగగొట్టాల వెనక ఆకాశం కందిపోయింది.

ఆమె దిగాల్సిన పోర్ట్ కెంబ్లాలో ప్లాట్‌ఫారం మీద ఒక్కడే మనిషి. నల్ల కోటు, పండుగ టోపీ, ఎడమ కాలు మీద బరువు వెయ్యకుండా స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. ఆమె చూడనట్టు పోబోయింది.

"రెండు రైళ్ళు చూశాను," అన్నాడు స్పాసే వెనక నుంచి. "చలికి మోకాలు బిగుసుకుపోయింది."

"నిన్నెవరు నిలబడమన్నారు? ఫోన్ చెయ్యొచ్చుగా."

"చేస్తే పెట్టేస్తావుగా."

వాన్ స్టేషన్ బయట ఉంది, ఇంజను ఆపలేదు, అద్దాలకి ఆవిరి పట్టింది. వెనక తలుపు తీశాడు. వేడిగాలి కొట్టే చోట దుప్పటి పరిచి దాని మీద త్రాయ్‌కో డోలు పెట్టి ఉంది. ఏడాదిగా క్లబ్బు బీరువాలో తేమకి తోలు సడలిపోయిందట, గంట నుంచీ కాస్తున్నాడట, పెట్రోలు సగం దీనికే అయిందని సణిగాడు. అతను ఆమె భుజం మీది తిత్తి అందుకుని, అడగకుండానే, ఊదే గొట్టం మూతికి ఉన్న ముడి మీద మొద్దు వేళ్ళు పెట్టాడు. ముడి బిగుసుకుపోయి రాలేదు. పళ్ళతో పట్టి లాగాడు. వచ్చిన నల్లగుడ్డని నాలుగు మడతలు వేసి కోటు జేబులో పెట్టుకున్నాడు.

"రెండు వారాల కిందటే విప్పాల్సింది," అన్నాడు, ఆమె మొహంలోకి చూడకుండా. "అందరి ముందూ పాత చెప్పు అన్నావ్."

"అన్నాను. పాత చెప్పువే."

"సరేలే. గిటార్లు మాత్రం వద్దు."

"వచ్చే వారం తెస్తాను. నీ ఇష్టం, తలుపు వేసుకో." తిత్తి తీసుకుని తోలు తడిమి చూసుకుంది. "డోలు ఎవరు కొడతారు?"

"నేనే."

"నీకు రాదు కూమ్."

"రాదు. తప్పు కొడతాను. వాడు పైనుంచి తిట్టుకోనీ." డోలు పట్టీ తల మీంచి తగిలించుకుని కుంటికాలు సర్దుకున్నాడు. "హాలుకి పోయేముందు ఇక్కడ ఒకసారి చూసుకుందాం, అక్కడ నవ్వుతారు. అవునూ, సిడ్నీలో నీ పాట ఏమైంది?"

"పోయింది."

"అదేం?"

"నీ కాలు మూలాన."

"నా కాలేం చేసిందే?" అన్నాడు స్పాసే, నిజంగానే కాలు వంక చూసుకుని. ఆమె గొట్టం నోట పెట్టుకుంది. ఏడాది ఎండిన తోలు మొదట మొరాయించింది, తర్వాత గాలి పట్టింది, శ్రుతి గొట్టం ఒక్కసారి దగ్గి లేచి నిలబడింది, ఆ కారు పార్కు అంతా ఆ ఒక్క స్వరంతో నిండిపోయింది. పాట ఎత్తుకుంది. మూడు, రెండు, రెండు. మొదటి దెబ్బ పడింది, రెండోది పడింది, మూడోది కూడా ఎలాగో పడింది. నాలుగోదానికి స్పాసే కర్ర పైకెత్తాడు, ఎత్తినవాడు ఎక్కడ కొట్టాలో తెలియక అలాగే ఉండిపోయాడు, కళ్ళు పెద్దవి చేసుకుని, పెదాలు కదుపుతూ. రుమేనా వేళ్ళు ఆపేసింది. చంకలో తిత్తిని గట్టిగా నొక్కి, శ్రుతి తెగకుండా పట్టుకుని, అతని కర్ర కిందికి వచ్చేదాకా ఆగింది.